పిల్లల వార్డు సీసాలు

ఆ ఎండాకాలం గోదాము ఆసుపత్రిలో ఏ పిల్లకు విరేచనాలు పట్టుకున్నా దాని పేరు ఎండదెబ్బే. కాలు విరిగి వచ్చిన పిల్లకైనా, చెవిలో చీము పట్టి వచ్చిన పిల్లవాడికైనా, మంచమెక్కిన కొన్నాళ్ళకు కడుపు జారడం మొదలయ్యేది. కళ్ళు లోపలికి పోయేవి. నర్సు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించమనేది. డాక్టరు ఆనందరావు గారు వచ్చి చూసి, "ఎండలు అలా ఉన్నాయి మరి," అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయేవారు.

అది 1979. నేను ఆళ్ళగడ్డలో పదో తరగతి పరీక్షలు రాసి, నంద్యాలలో ఉన్న అమ్మ దగ్గరికి వచ్చాను. మా అమ్మ జీవమ్మ ఆ ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆయా. ఆళ్ళగడ్డ రోడ్డు మీద పాత పత్తి గోదాముకు సున్నం కొట్టి, మంచాలు వేసి పెట్టిన ధర్మాసుపత్రి అది. ఎక్కడన్నా గోడ పెచ్చు ఊడితే లోపల పత్తి పీచు కనిపించేది. అమ్మది అప్పటికి టెంపరరీ ఉద్యోగం. జూన్‌లో ఆసుపత్రి కమిటీ కూర్చుని పర్మినెంటు చేస్తామన్నారట. అయితే నన్ను నంద్యాలలోనే ఇంటర్‌లో చేరుస్తానంది అమ్మ. కాకపోతే ఊరికి పోయి నాయనతో పాటు చేలో దిగడమే. ఆ రెండో మాట అమ్మ అనలేదు. నాకు తెలుసు.

మధ్యాహ్నం సద్ది తీసుకుపోయి, అమ్మ తినేదాకా ల్యాబు ముందు వరండాలో కూర్చునేదాన్ని. ఎవరితోనూ మాట్లాడలేను కాబట్టి డైరీ రాసుకునేదాన్ని. ఒకరోజు ల్యాబాయన హుస్సేన్ వలి గుమ్మంలోకి వచ్చి, ముక్కుపొడి ఒక పట్టు పీల్చి, నన్ను చూశాడు.

"ఏందమ్మీ, రోజూ రాస్తాండావ్? పెండ్లికొడుక్కా?"

పుస్తకం ఒళ్ళో దాచుకుని తల దించుకున్నాను.

"సిగ్గుపడగాకులే. అచ్చరాలు గుండ్రంగా ఉండాయి. నా రాత చూసి డాక్టరు, 'వలీ, ఇది రిపోర్టా, కోడి గీకిందా?' అంటాడు. ఈ చీటీలు రాసిపెట్టు. సోడా తాపిస్తా."

అలా చీటీలు రాసే పని వచ్చింది. పిల్ల పేరు, మంచం, ఏ రోజు ఆసుపత్రిలో చేరింది, ఏ రోజు కడుపు జారింది. అమ్మ మంచాల కింది కుండీల్లోంచి పెన్సిలిన్ సీసాలకెత్తి పంపిన మలాన్ని హుస్సేన్ వలి గాజు పళ్ళేల మీద పూసేవాడు. ఆ పళ్ళేల్లో కాచి చల్లార్చిన జున్నులాంటిది ఉండేది. వాటిని వెచ్చటి పెట్టెలో పెట్టి, మరునాడు తీసి వెలుతురుకు పట్టి చూసేవాడు. రోగం తెచ్చే పురుగు ఉంటే దాని మీద చుక్కలు చుక్కలుగా పెరుగుతుందట. ఒక్కసారీ పెరగలేదు. జున్ను మీద గీత కూడా లేదు.

"చూడు," అనేవాడు సీసా ఎత్తి. "తెల్లగా, బియ్యం కడుగు మాదిరి. కలరా అయినా కావాల, దాని తమ్ముడన్నా కావాల. అద్దం కింద పెడితే ఏమీ కదల్దు. పళ్ళెంలో ఏమీ పెరగదు. నా చదువన్నా తప్పు, ఈ పిల్లోల్లన్నా నాటకమాడతాండారు."

ప్రతి శనివారం కర్నూలులో జిల్లా ఆరోగ్య ఆఫీసుకు ఒక కాగితం పోవాలి. ఆసుపత్రిలో చేరాక ఎంతమందికి కడుపు రోగం అంటుకుందో అందులో రాయాలి. "ఇంట్లోనే జారతా వచ్చినోన్ని మన లెక్కలో రాయకూడదు," అని ఆయనే చెప్పాడు. "లోపలికొచ్చి మూడు రోజులు దాటినాక పట్టుకుంటే మాత్రం అది ఇంటిది కాదు. మనదే. మన మంచానిది, మన గిన్నెది, మన చేతిది."

"మరి ఇంతమంది..." అన్నాను. అప్పటికి ఆయనతో నేనన్న పెద్ద మాట అదే.

"ల్యాబులో తేలితేనే రాయాల. తేలకపోతే ఎండదెబ్బ."

శనివారం కాగితం మీద కూడా నన్నే రాయమనేవాడు. అడ్డంగా ఒక గీత గీసి, 'లేవు' అని రాయాలి. మహానంది దగ్గర్నుంచి కాలిన చేత్తో వచ్చిన ఒక పసివాడు ఆ వారం పోయాడు. చెయ్యి మానుతూనే ఉంది. వాళ్ళమ్మ ఎండలో వాణ్ణి భుజాన వేసుకుని గేటు దాటింది. నేను ఆ మధ్యాహ్నమే 'లేవు' అని రాశాను. కలం నొక్కి రాస్తే కాగితం చిరిగింది. ఇంకోటి రాయించాడు.

తర్వాత వెలుగోడు నుంచి మున్నీ వచ్చింది. నాలుగేళ్ళు ఉంటాయి. బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. కాలిని పైకెత్తి ఇటుక కట్టి వేలాడదీశారు. దాని అవ్వ బీబీ మంచం కిందే పడుకునేది. మున్నీకి నోరు ఊరుకోదు. నేను పోతే చాలు, "అక్కా, నా కాలికి ఉరేసినారు, ఎప్పుడు దింపుతారు?" అని అడిగేది. నేను నవ్వి ఊరుకుంటే, "ఈ యక్కకు మాటలు రావు," అని వాళ్ళవ్వకు చెప్పేది.

వారం తిరిగేసరికి దాని గొంతు పడిపోయింది. ఇటుక అలాగే వేలాడుతోంది. కింద గుడ్డలు మార్చీ మార్చీ బీబీ చేతులు నానిపోయాయి.

"కాలు కోసం తెస్తి," అంది బీబీ మా అమ్మతో. "కడుపు యాడ్నుంచి వచ్చె జీవమ్మా? నా చేత్తోనే పెట్టినా. బయటి గింజ ఒకటి తినలా."

"తగ్గుతాదిలే బీబమ్మా. సీసా పంపిస్తాండా కదా," అంది అమ్మ.

ఆ సీసా కూడా తెల్లగానే వచ్చింది. మరునాడు పళ్ళెం తీసి చూసి హుస్సేన్ వలి బల్ల మీద గట్టిగా కొట్టాడు.

"ఏ పురుగో తెలిస్తే ఏ మందుకు లొంగుతాదో చూసి చెప్పేవాన్ని. ఊరికే ఈ మందొకసారి, ఆ మందొకసారి పోస్తాండారు దాని నోట్లో."

కోపం తగ్గాక కొత్త పళ్ళేలు కాచడం మొదలుపెట్టాడు. నేను గాజు మూతలు తుడుస్తున్నాను. బల్ల తుడిచే గుడ్డ తీసుకోబోతే ఒక్క అరుపు అరిచాడు.

"ఆ గుడ్డ తాకించగాకు! దాంట్లో ఫినాయిలుంది. ఒక్క చుక్క తగిలితే మంచీ చెడ్డా అన్నీ సచ్చిపోతాయి. ఇంగేం పెరుగుతాది?"

మూత చేతిలో అలాగే ఉండిపోయింది. నీళ్ళలో పడ్డ ఫినాయిల్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. బియ్యం కడుగులా.

మున్నీ సీసా ఇంకా బల్ల మీదే ఉంది. మూత తీసి వాసన చూశాను.

"ఏం వాసనొస్తాంది?" అన్నాడాయన, నేనేదో చెయ్యకూడనిది చేసినట్టు చూస్తూ. "నాకు చెప్పు. ముక్కుపొడితో నా ముక్కు ఎప్పుడో పాయె. ఉన్నా ఈ ఆసుపత్రంతా అదే వాసన."

ఆయనకు చెప్పకుండా బయటికి నడిచాను.

అమ్మ వెనక బండ దగ్గర సీసాలు కడుగుతోంది. వార్డు తాగునీళ్ళ డ్రమ్ము కూడా అక్కడికి రెండడుగుల దూరంలో, తలుపు లోపలే ఉండేది. అమ్మ ఒక్కో సీసా కడిగి, అడుగున కొంచెం ఫినాయిల్ వదిలి, వరసగా గోడ మీద పెడుతోంది. ఎంత శ్రద్ధగానో. మా ఊరి చర్చిలో ప్రభురాత్రి భోజనం గిన్నెలు కడిగినట్టు.

"మా, ఆ ఫినాయిల్ పొయ్యగాకు."

"ఏందీ?"

చెప్పాను. పురుగు చచ్చిపోతుందని, ల్యాబులో ఏమీ తేలదని, అందుకే ఎండదెబ్బ అని రాస్తున్నారని. మాటలు వెనకా ముందూ వచ్చాయి. అమ్మ సీసా కింద పెట్టలేదు.

"పురుగు సావాలనే గదా మే ఫినాయిల్ పోసేది? ఎవురన్నా పురుగును బతికించాలని సూస్తారా?"

"సీసాలో బతకాల మా. సీసాలో బతికితేనే కనపడేది."

"వలి సాబు పంపించినాడా నిన్ను?"

"లేదు. ఆయనకు తెలీదు. నేనే వాసన చూసినా."

అమ్మ వరండా వైపు చూపించింది. వార్డు నుంచి ల్యాబుకు పోవాలంటే డాక్టరు గారి గది ముందు నుంచే పోవాలి.

"నేను చేరిన కొత్తల్లో సీసా పట్టుకోని ఆ దావన పోతాంటే డాక్టరు ముక్కుకు రుమాలు పెట్టుకున్న్యాడు. హెడ్ సిస్టరేమన్నాదో తెల్సా? 'వీళ్ళ చేతికి ఏమిచ్చినా కంపే' అన్నె. సీసాను అనలా మే. మనల్ని అన్నె. ఆ పొద్దు నుంచి నా చేతి మీద పోయిన సీసా ఏదీ కంపు కొట్టలా. నువ్వొచ్చి ఇప్పుడు చెప్తాండావ్."

"మున్నీకి..."

"పో. వలి సాబు చీటీలుండాయేమో రాసుకోపో."

ఆ పూట అమ్మ సద్ది తినలేదు. నాకు అమ్మ మీదా, హెడ్ సిస్టరు మీదా, వాసన తెలియని హుస్సేన్ వలి ముక్కు మీదా, అందరి మీదా కోపం వచ్చింది. అందరికంటే ఎక్కువ, నాలుగు మాటలు సరిగ్గా పేర్చి చెప్పలేని నా నోటి మీద వచ్చింది. డైరీలో అంతా చక్కగా రాశాను. డైరీలో నేనెప్పుడూ తడబడను.

మరుసటి రోజు పొద్దున నేను మున్నీ మంచం దగ్గర ఉన్నాను. అమ్మ వచ్చి గుడ్డ మార్చింది. పొయ్యి మీద మరగబెట్టిన సీసా ఒకటి కొంగులోంచి తీసి, అందులోకి ఎత్తింది. మూత పెట్టింది. చేతిలో ఫినాయిల్ డబ్బా లేదు. సీసాను కొంగు చాటున పెట్టుకోలేదు, ఎదురుగానే పట్టుకుని వరండాలోకి నడిచింది. మూత సరిగా పట్టలేదేమో, మంచాల మీది వాళ్ళు తలలు తిప్పారు. డాక్టరు గది తలుపు తీసి ఉంది. అమ్మ అక్కడికి వచ్చాక అడుగు తొందర చేయలేదు. లోపల ఆయన రాస్తున్న కలం ఆపి, జేబులోంచి రుమాలు తీయడం నాకు కనిపించింది. అమ్మ చూసిందో లేదో తెలియదు. ల్యాబు గుమ్మంలో సీసా హుస్సేన్ వలి చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళింది.

ఆ మరునాడు పళ్ళెం నిండా చుక్కలు.

హుస్సేన్ వలి అది పట్టుకుని వరండాలో పిల్లవాడిలా తిరిగాడు. "కనపడినాది సూడు దొంగ! ఇన్నాళ్ళు యాడ దాక్కున్న్యావ్?" అని దానితోనే మాట్లాడాడు. ఏ మందుకు లొంగుతుందో చూసి మరునాటికల్లా సిస్టరుకు చెప్పాడు. మందు మార్చారు. ఫినాయిల్ సంగతి అమ్మే చెప్పింది ఆయనకు, గుమ్మం బయట నిలబడి, ఎటో చూస్తూ. ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"సీసా ఇట్ల ఉండాలని నీకెవురు చెప్పినారక్కా? ఎవురూ చెప్పలా. నేనూ చెప్పలా. నాది తప్పు."

అప్పటి నుంచి వార్డులో ఎవరికి కడుపు జారినా సీసా కంపు కొడుతూనే వచ్చేది. పళ్ళేలు వరసగా చుక్కలతో పండాయి. హుస్సేన్ వలి ఊరుకోకుండా తాగునీళ్ళ డ్రమ్ములో నీళ్ళు కూడా ఒక పళ్ళెం మీద పూశాడు. గుడ్డలు ఉతికిన చేతులతోనే అందరూ ఆ డ్రమ్ములో చెంబు ముంచేవాళ్ళు. ఆ పళ్ళెం కూడా అలాగే పండింది. మున్నీకి గొంతు తిరిగి వచ్చింది. "మాటలు రాని అక్కొచ్చింది," అంది నన్ను చూసి. బీబీ నా రెండు చెంపలూ నిమిరి, మెటికలు విరిచింది.

శనివారం వచ్చింది. కాగితం మీద ఈసారి గీత గీయలేదు. పేర్లు రాశాను. చేరిన రోజు, పట్టుకున్న రోజు, ఏ పురుగో కూడా. అన్నీ మూడు రోజులు దాటినవే. హుస్సేన్ వలి దాన్ని తానే డాక్టరు గదికి తీసుకుపోయాడు. కొంచెంసేపటికి అమ్మను పిలిపించారు. నేను వెనకాలే పోయి గుమ్మం పక్కన నిలబడ్డాను.

"ఏమిటయ్యా ఇది?" డాక్టరు గారు కాగితం ఎత్తి పట్టుకున్నారు. "ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి ఒక్క కేసు లేదు. ఈ వారం ఇన్నా? కర్నూలు వాళ్ళు ఏమంటారు? కమిటీకి నేనేం చెప్పాలి?"

"ముందు కూడా ఉండాయి సార్, మనకు తేలలా. సీసాల్లో ఫినాయిల్..."

"అదే అడుగుతున్నాను. ఫినాయిల్ ఏమైంది?" ఆయన హెడ్ సిస్టరు వైపు చూశారు.

"ఆయా వాడడం మానేసింది సార్," అంది సిస్టరు. "నేనూ చూశాను. వరండా అంతా కంపు."

"జీవమ్మా, ఫినాయిల్ మానేశావా?"

"సీసాలకు మానేసినా సార్. కుండీలకు, నేలకు పోస్తాండా."

"మానేశావు కదా?"

"సీసాలకు సార్."

"మానేసింది," అన్నారాయన, రాసుకుంటూ. "ఎప్పుడు మానేసిందో అప్పుడే మొదలైంది. ఇందులో ఇంకా తేలాల్సిందేముంది?"

హుస్సేన్ వలి మళ్ళీ మొదలుపెట్టాడు. డ్రమ్ము అన్నాడు, పళ్ళేలు తెచ్చి చూపిస్తానన్నాడు, మహానంది పసివాడి సంగతి చెప్పబోయాడు. ప్రతి మాటకూ డాక్టరు గారు పాత కాగితాల నకళ్ళ మీద వేలు పెట్టి చూపించారు. పోయిన శనివారం 'లేవు'. అంతకుముందు 'లేవు'. అన్నీ నా గుండ్రటి అక్షరాలే.

నా కాళ్ళు గుమ్మం లోపలికి ఎలా వచ్చాయో తెలియదు.

"సార్... అప్పుడు కూడా ఉండె. కనపడలేదంతే సార్."

గదిలో అందరూ నా వైపు తిరిగారు.

"ఎవరీ అమ్మాయి?"

"ఆయా కూతురు సార్."

"ఇక్కడికి ఎవరు రానిచ్చారు? బయటికి పంపండి."

అమ్మే నా భుజం పట్టుకుని బయటికి తెచ్చింది. ఆ చెయ్యి నొక్కిన తీరు కోపంతోనో, ఇంకెందుకో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

కమిటీ జూన్ దాకా ఆగలేదు. ఇక రావద్దని హెడ్ సిస్టరు చేత చెప్పించారు. అమ్మ ఆ పూట పని మధ్యలో వదిలిపెట్టలేదు. ఉన్న సీసాలన్నీ మరగబెట్టింది. నీళ్ళు వార్చి, గోడ మీద బోర్లించింది. గుడ్డ కప్పింది. హుస్సేన్ వలి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అక్కా, నేను కర్నూలు పోయి చెప్తా."

"పోతే నీ పని కూడా పోతాది. గమ్మునుండు. ఆ డ్రమ్ము ముందు తీపించు."

డ్రమ్ము తీయించాడు. దాని బదులు కొళాయి ఉన్న బాన పెట్టారు. ఆ సంగతి ఏ కాగితంలోనూ రాయలేదట. కమిటీ కాగితంలో రాసింది వేరే: బాధ్యురాలైన ఆయాను తొలగించినందువల్ల వ్యాధి అదుపులోకి వచ్చినది. మేము బస్సెక్కే రోజు హుస్సేన్ వలి చెప్పాడు. చెబుతూ రోడ్డు మీద ఉమ్మాడు.

నేను పాసయ్యాను. ఆ ఏడు చేరింది మాత్రం కాలేజీలో కాదు, జొన్న చేలో. కలుపు తీస్తూ ఉంటే పక్క సాలులోని ఆడవాళ్ళు, "నంద్యాలలో ఉద్యోగమంటిరే, ఏమాయె?" అని అడిగేవాళ్ళు. "ఎండ పడలా," అనేది అమ్మ. వాళ్ళు నవ్వేవాళ్ళు.

వానలు పడ్డాక ఒక సంత రోజు ఆళ్ళగడ్డ బస్టాండులో హుస్సేన్ వలి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, అత్తరు. చుట్టాల పెళ్ళికి వచ్చాడట. మమ్మల్ని చూసి నంద్యాల బస్సు మెట్టు మీద నుంచి దిగాడు.

"బాగుండావా అక్కా? ఏమ్మీ, రాస్తాండావా ఇంకా?"

తల ఊపాను. అమ్మ ఉల్లిగడ్డల సంచి కింద దించింది.

"ఆ వెలుగోడు పాప?"

"నడిచిపాయె. కొంచెం కుంటుతాది. నోరు మాత్రం ఈ బస్సు హారన్ మాదిరే."

"వార్డులో?"

"ఏం లేదక్కా. శనివారం శనివారం 'లేవు' అనే రాస్తాండా."

అమ్మ ముఖం ఒక్కసారి మారింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"సీసా కంపు కొడ్తాందా అన్నా?"

ఆయనకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత బస్టాండంతా వినపడేట్టు నవ్వాడు.

"కొడ్తాందక్కా! నా ముక్కుకే తెలుస్తాంది. పళ్ళెంలో మాత్రం ఏం పెరగల్యా."

"అట్లయితే నిజంగానే ఏం లేదు," అంది అమ్మ. ఊరికి వచ్చాక ఆమె ఊపిరి అంత పొడుగ్గా వదలడం నేను చూడలేదు. "ఎవురు మోస్తాండారు?"

"కొత్తామె. మన వాళ్ళామే, పాణ్యం పక్క. వరండాలో ఆమె వస్తాంటే డాక్టరు తలుపు మూసుకుంటాడు."

కండక్టరు అరిచాడు. హుస్సేన్ వలి పరుగెత్తి మెట్టెక్కాడు.

"మూసుకోనీలే," అంది అమ్మ.

ఆ మాట ఆయనకు వినపడిందో లేదో. బస్సు పోయాక అమ్మ సంచి నెత్తికెత్తుకుని, "నడువు మే, పొద్దు గూకకముందే ఆ మిగిలిన సాలు అయిపోవాల," అంటూ నాకంటే ముందు నడిచింది.